కింది వరుసలో కొవ్వొత్తి

"అక్కడే నిలబడు మేస్త్రీ, కదలకు. ముందు నిన్నొకసారి ముట్టుకుని చూడనీ."

జగోర్కా బల్ల వెనకనుంచి వచ్చి తిహోమిర్ కోటు చెయ్యి పట్టుకుంది. కోటును పట్టుకుంటే నమ్మకం కుదరలేదు కాబోలు, మణికట్టు దగ్గర గట్టిగా గిల్లింది. అతను అబ్బా అన్నాడు. ఆవిడ మూడుసార్లు శిలువ గుర్తు వేసుకుని పక్కనున్న కుర్చీలో కూలబడింది.

"ఉన్నావన్నమాట," అంది.

తిహోమిర్ పియానోలకు శ్రుతి సరిచేసే మనిషి. ఉండేది సోంబోర్‌లో. నోవి సాద్ సంగీత పాఠశాలలో పియానోలన్నీ చలికాలపు హీటర్ల వేడికి శ్రుతి తప్పుతాయి. ఏటా డిసెంబరు మూడో వారంలో వచ్చి, నాలుగు రోజులుండి, వాటిని దారిలో పెట్టి పోతాడు. పదమూడేళ్ళు వరసగా జగోర్కా నడిపే ఈ చిన్న హోటల్లోనే దిగాడు. ఎనిమిది గదులు, ఇరుకు మెట్లు. పై అంతస్తులో పెరటి వైపు గదిలో బస్సుల చప్పుడు గానీ కార్ల చప్పుడు గానీ వినబడదని, చెవులతో బతికేవాడికి అదే మంచిదని, జగోర్కా మొదటి రోజే ఆ తాళంచెవి చేతిలో పెట్టింది.

ఆ మొదటి ఏడు అతను వచ్చిన మర్నాడే పునీత నికోలా రోజు. ఆ ఇంటి వేలుపు ఆయనే. ఈ పండగను ఇక్కడ స్లావా అంటారు. భోజనాల గదిలో చుట్టాలు కూర్చుని ఉండగా తిహోమిర్ మెల్లగా మెట్ల వైపు జారుకోబోతుంటే జగోర్కా భర్త మియోద్రాగ్ చూసి, పై గదిలో మనిషిని పస్తు పెట్టి కింద మేం చేపలు తింటే నికోలా మా మొహం చూస్తాడా అని, భుజం పట్టుకుని లాక్కొచ్చాడు. చక్కెరా అక్రోటు పొడీ కలిపిన ఉడికించిన గోధుమలు ఒక చెంచాడు నోట్లో పెట్టించాడు. అంతే. ఆ పండక్కి ఎవరూ ఎవరినీ పిలవరు. ఒకసారి ఆ గోధుమలు తిన్నవాడు ఏటా తనంతట తనే రావాలి. రాలేకపోతే కబురు చేయాలి. ఆ రోజు నుంచి మియోద్రాగ్ అతనికి అన్న, జగోర్కా వదిన.

మూడేళ్ళ కిందట వసంతంలో మియోద్రాగ్ పోయాడు. ఆ డిసెంబరులో జగోర్కా తిహోమిర్‌ను భర్త కుర్చీలో కూర్చోబెట్టింది. పండగ రొట్టెను ఫాదరుతో కలిసి పట్టుకుని తిప్పే పని కూడా అతనికే అప్పగించింది. చుట్టాలందరి ఎదుటా ఆ రొట్టె పట్టుకున్నప్పుడు, అతనికి తాను గది అద్దెకు తీసుకున్న మనిషినా, ఈ ఇంటి మగదిక్కునా అన్నది అర్థం కాలేదు. రాత్రంతా జగోర్కా ఏడుస్తూ చెప్పిన కబుర్లు విన్నాడు. రెండో ఏడూ అలాగే గడిచింది.

పోయినేడు వచ్చాడు. వచ్చి, వంతెన దగ్గర కొత్తగా కట్టిన హోటల్లో దిగాడు. మోకాలు నొప్పి, అక్కడ లిఫ్టు ఉంది అని తనకు తాను చెప్పుకున్నాడు. ఫోను కూడా చేయలేదు. చేస్తే రమ్మంటుంది, వెళ్తే మళ్ళీ ఆ కుర్చీ.

ఇప్పుడు బస్సులో వస్తున్నంతసేపూ ఒక అబద్ధం అల్లుకున్నాడు.

"న్యుమోనియా వదినా. ఆసుపత్రిలో పడ్డాను," అన్నాడు.

"ఎప్పుడు?"

"పండగ నాటికే జ్వరం." అబద్ధానికి కాస్త బలం చేకూరుద్దామనిపించింది. "ఆ తరవాతి వారం మరీ ప్రాణం మీదికి వచ్చింది."

జగోర్కా మొహంలో నెత్తుటి చుక్క లేకుండా పోయింది. నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది. పండగ నాడు అతని కోసం చేపల పులుసు రెండుసార్లు వేడి చేసిందట. ఇంటి నంబరుకు ఫోను చేస్తే అసలు ఆ నంబరే లేదన్నారట. తిహోమిర్ ఆ శరదృతువులోనే ఇంటి ఫోను తీసేయించాడు.

"నీకూ మాకూ పగ లేదాయె. బతికున్న మనిషి కబురైనా లేకుండా స్లావా మానేస్తాడా? ఇంక మిగిలింది ఒకటే కదా. ఆ ఆదివారం చర్చిలో నీకు కొవ్వొత్తి పెట్టాను మేస్త్రీ. కింది వరుసలో."

ఆ వరుస ఎవరిదో తిహోమిర్‌కు తెలుసు. కొవ్వొత్తులు గుచ్చే ఇసుక తొట్టిలో పై వరుస బతికున్నవాళ్ళది. కింది వరుస పోయినవాళ్ళది.

"ఫాదరు దగ్గర పేరు కూడా రాయించాను. ఏడాదిగా పోయినవాళ్ళను తలుచుకునే శనివారాల్లో మియోద్రాగ్ పేరు తరవాత నీ పేరు చదువుతున్నారు. నువ్వక్కడ ఊపిరి కోసం కొట్టుకుంటుంటే నేనిక్కడ నిన్ను సాగనంపాను. నా కొవ్వొత్తే నిన్ను అంతదాకా తెచ్చింది."

కాదని తిహోమిర్ ఎన్ని విధాల చెప్పినా ఆవిడ వినలేదు. తాళంచెవి ఇచ్చి పైకి పంపేసింది. అతను మంచం మీద కూర్చున్నాడు. దుప్పటి ఎండలో ఆరేసిన వాసన వేస్తోంది. పోయినవాడి గది అనుకుంటూ కూడా ఇలా సర్ది ఉంచిందా? ఆ ఆలోచనకు నిలువలేక కిందికి దిగాడు.

వంటింట్లో గోధుమలు గిన్నెలో నానుతున్నాయి. పిండి గుట్ట పక్కన జగోర్కా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. రేపటి రొట్టె తాను కలపనని, బతికున్నవాణ్ణి పాతిపెట్టిన చేతులవి అని, ఆడపడుచును పిలిపిస్తానని చెప్పింది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ రొట్టె ఇంకెవరూ కలపలేదు.

"వదినా, నాకు జ్వరమే రాలేదు," అన్నాడు తిహోమిర్, గుమ్మంలోనే నిలబడి. "ఈ ఊళ్ళోనే ఉన్నాను. వంతెన దగ్గర కొత్త హోటల్లో. అన్న కుర్చీలో కూర్చోవాలంటే భయమేసింది."

జగోర్కా గోధుమల గిన్నెను తన వైపు జరుపుకుంది.

"లిఫ్టు ఉందా?"

"ఉంది."

"పొద్దున ఏం పెట్టారు?"

"చల్లారిన గుడ్లు."

"నీ పేరు తెలుసా వాళ్ళకి?"

"గుర్తింపు కార్డు అడిగారు."

"చచ్చిపోయావనుకున్నప్పుడు నీ మీద కోపం రాలేదు," అంది జగోర్కా. "ఏడ్చాను, ఊరుకున్నాను. ఇప్పుడు వస్తోంది. నాలుగు వీధుల అవతల గుడ్లు తింటున్న మనిషి కోసం ఏడాది పొడుగునా ఏడ్చానన్నమాట."

తిహోమిర్ సంచి సర్దుకుని వెళ్ళిపొమ్మంటుందని ఎదురుచూశాడు. అనలేదు. ఆవిడ లేచి చేతులు కడుక్కుంది, తుడుచుకుంది, పిండిలో గుంట చేసి గోరువెచ్చని నీళ్ళు పోసింది. కలుపుతూ, అతని వైపు చూడకుండానే అంది.

"ఆ కుర్చీలో కూర్చోవద్దులే. బల్ల చివర కూర్చో, ఎవరూ ఏమీ అనరు. కానీ చర్చికి వెళ్ళి ఫాదరు ముందు నిలబడే మొహం నాకు లేదు. సాయంత్రం ప్రార్థనకి ఐదింటికి తలుపులు తీస్తారు. నువ్వే వెళ్ళు మేస్త్రీ. నేను బతికే ఉన్నాను, నా పేరు కొట్టేయండి అని ఫాదరుకి నువ్వే చెప్పు. మరి జగోర్కా ఎందుకు రాయించిందని అడుగుతాడు. అదీ నువ్వే చెప్పు."