గోడ మీద పెళ్లి

ఏడో తరగతిలో బడి గోడ దూకి వచ్చేసినవాణ్ని నేను. ఆ ఒక్క గోడ సులువుగా లొంగేసరికి లోకంలోని గోడలన్నీ అంతేననుకున్నాను. ఆ తెలివితో ఒక పెళ్లినే గోడెక్కించాను. చెబుతాను, నవ్వండి. కానీ నా ఆటో ఎక్కడం మాత్రం మానకండి.

మా ఖిలా వరంగల్‌లో కళ్లు మూసుకుని ఏ సందులో దూరినా ఇంకో సందులో తేలతాం. ఊరు ఎంత పెరిగినా అంతే కదా అనుకున్నాను. అందుకే మా గల్లీ రాజు పెళ్లినాడు, పెళ్లికొడుకును నా ఆటోలో ఎక్కించుకుని, వెనక రెండు కార్లు, బ్యాండు బండి రాగా దర్జాగా బయల్దేరాను. ఫంక్షన్ హాల్ హసన్‌పర్తి దగ్గర. ముహూర్తం పది నలభైకి. మెయిన్ రోడ్డు నిండా లారీలు.

"యాకూబన్నా, టైమైతాంది. జర జల్దీ పోనియ్యి."

"ఫికర్ చెయ్యకు తమ్మీ. షార్ట్‌కట్ కొడుతున్న."

కొత్త వెంచర్లోకి తిప్పాను. నున్నటి సిమెంటు రోడ్డు. నేరుగా పోతే గోడ. ఎడమకు తిప్పితే గోడ. ఈ వెంచర్ రోడ్డు పక్క వెంచర్ రోడ్డుతో మాట్లాడదండీ! మాటలు మానేసిన తోడికోడళ్లే నయం, పిల్లల చేత కబురైనా పంపుకుంటారు.

చివరి గోడ అవతలే ఫంక్షన్ హాల్. "పెళ్లికొడుకు రావాలె" అని మైకులో పంతులుగారి పిలుపు వినిపిస్తోంది. పప్పుచారు వాసన కూడా వస్తోంది. చుట్టూ తిరిగి పోవాలంటే అరగంట. వెనక్కి తిప్పుదామంటే కార్లు, బ్యాండు బండి సీసాకు బిరడా బిగించినట్టు దారి మూసేశాయి. పైగా బ్యాండువాళ్లు, హాలు వచ్చేసిందనుకుని, వాయింపు మొదలుపెట్టారు.

"గిదేనా అన్నా నీ షార్ట్‌కట్?"

"హాల్ కనపడుతలేదారా?"

"చందమామ గుడ కనపడుతది!"

పక్కన ఇల్లు కడుతున్న మేస్త్రీని బతిమాలి నిచ్చెన తెచ్చాను. రాజు ఒక చేత్తో పంచె, ఒక చేత్తో బాసింగం పట్టుకుని ఎక్కి, గుర్రమ్మీద కూర్చున్నట్టు గోడ మీద కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే అవతల వంటల హడావిడిలో పడి, పెళ్లికొడుకు ఎప్పుడో లోపలికి వచ్చేశాడనుకుంటున్న పెళ్లికూతురి తండ్రి తలెత్తి చూశాడు.

"ఓరి దేవుడో! పిలగాడు గోడ దుంకి పారిపోతాండురో! పట్టుకోండ్రి!"

నలుగురు ఉరికొచ్చి రాజు కాలు పట్టి లాగారు.

"మామా, పోతలేనే! వస్తున్న!"

పడిపోతాడేమోనని నేను ఇవతలి కాలు గట్టిగా పట్టుకున్నాను. అంతే, వాళ్ల అనుమానం ఖాయమైపోయింది.

"అగో, అవుతల్నుంచి దోస్తు గుంజుతాండు! ఇడువకుండ్రి!"

పెళ్లికొడుకు రెండు ముక్కలయ్యేలోపు పెళ్లికూతురు స్వప్న గొంతు వినిపించింది. "నాయినా! పారిపోయెటోడు బ్యాండు పెట్టుకోని పారిపోతడా?"

నేను కాలు వదిలాను. రాజు అరిటాకుల కట్టల మీద పడ్డాడు. ముహూర్తం మాత్రం దాటలేదు.

పెళ్లయ్యాక స్వప్న ముందు నిలబడి, రెండు చెవులూ పట్టుకుని ప్రమాణం చేశాను. "చెల్లె, నా ఆటో మీద ఒట్టు. ఇగ ఈ జన్మల షార్ట్‌కట్ అన్న మాట నా నోట్లకెళ్లి రాదు."

ఆమె తల మీది అక్షింతలు దులుపుకుంటూ అంది: "గట్లనకన్నా. నీ పెండ్లికి మేం షార్ట్‌కట్లనే వస్తం. పత్రికల అడ్రస్ ఒద్దు, గోడ ఎంత ఎత్తున్నదో అచ్చేయించు, సాలు."