తుపాకోళ్ళ తుపాకి

మొన్న మొయినాబాద్ దగ్గర ఒక ఫామ్‌హౌస్‌లో పెళ్ళి విందుకు వెళ్ళాను. చేతులు కడుక్కుని హాల్లోకి వస్తే ఎదురుగా గోడమీద ఒక పాత తుపాకి, వార్నిష్‌తో తళతళలాడుతూ కనిపించింది. కింద చిన్న ఫలకం: నిజాం కాలం నాటిది, చిరుతపులిని చంపినది. కుర్రాళ్ళు దాని ముందు నిలబడి సెల్ఫీలు దిగుతున్నారు. నేను మాత్రం దాని కట్టె మడమలో ఒక చీలిక కోసం వెతికాను. ఉంది. మా పెద్దమ్మ ఏటా దసరాకు ఆ చీలికలోనే పసుపు అద్దేది.

ఎంకపల్లిలో మా పెద్దబాపు ఇంట్లో అది దూలానికి కట్టిన తాళ్ళలో పడుకుని ఉండేది. దాని పక్కనే ఉల్లిగడ్డల గుత్తులు వేలాడేవి. అందుకే ఆ తుపాకి అనగానే నాకు మందుగుండు వాసన కాదు, ఉల్లిగడ్డల వాసన గుర్తొస్తుంది. ఊళ్ళో మా ఇంటిపేరు ఎవరికీ పట్టేది కాదు. 'తుపాకోళ్ళు' అంటే చాలు, కొత్తగా వచ్చిన పోస్టుమాన్ కూడా మా గడపలోకే వచ్చేవాడు. మా తాత దానితో ఒక్క దెబ్బకు చిరుతపులిని పడగొట్టాడని పెద్దబాపు చెప్పేవాడు. దాని తోలు ఏదని అడిగితే "చెదలు తిన్నయ్" అనేవాడు. మరి గోళ్ళు? అంటే కోపం వచ్చేది.

సిటీ చివర గాజు ఆఫీసులు లేచిన రోజులవి. ఆదివారమైతే చాలు, చిన్న మంగళారం నుంచి ఎంకపల్లి దాకా కార్లు వరుస కట్టేవి. జొన్నచేలలో ప్లాట్ల హద్దులకు సిమెంటు కడీలు మొలిచాయి. బోర్లు ఎండిపోయి, పెద్దబాపు కూడా చివరికి మిగిలిన జొన్నచెలకను ఒక సాఫ్ట్‌వేర్ సారుకు అమ్మేశాడు. అప్పటి నుంచి మా మేనబావ నాలుకకు పదును పెరిగింది. ఒక విందులో, అందరూ విస్తర్ల ముందు కూర్చున్నాక అన్నాడు: "మామా, భూమి పాయె. ఇగ మిగిలింది ఆ భాగోతం కట్టెనే. మొఖానికి రంగేసుకొని ఆడుర్రి, సూస్తానికి మేమొస్తం."

పంక్తి పంక్తంతా నవ్వింది. పెద్దబాపు అన్నం కలపకుండానే లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు చేవెళ్ళలో నేను పనిచేసే ఎరువుల దుకాణానికి వచ్చాడు. నా చదువు పదో తరగతితో ఆగింది కానీ, దుకాణం కట్టేశాక గ్రంథాలయంలో కూర్చుని అగ్నిపర్వతాల నుంచి తేనెటీగల పెంపకం దాకా అన్నీ చదివేవాణ్ణి. అడిగినా అడగకపోయినా అందరికీ చెప్పేవాణ్ణి కూడా. పెద్దబాపు యూరియా బస్తా మీద కూర్చుని, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "నువ్వు అన్ని బుక్కులు సదువుతవ్ గద బిడ్డా. అది అసలుదా, ఉత్తదా జర తేల్చు. ఉత్తదైతే నా ఒక్కనికే చెప్పు."

ఆ చివరి మాట కోసమే గ్రంథాలయంలో ఆయుధాల గురించి ఉన్న పుస్తకాలన్నీ తిరగేశాను. వత్తితో అంటించేవి, చెకుముకి రాయితో పేలేవి, రాగి టోపీ పెట్టి కొట్టేవి అని పాత తుపాకులలో తరాలున్నాయి. మాది టోపీ తుపాకి. దాని వయసు పైమెరుపులో కాదు, తుప్పులోనూ మరకలోనూ తెలుస్తుంది. ఇంత నేర్చుకున్నా, చూసి తేల్చే కన్ను నాకు లేదు. చెలక కొన్న సాఫ్ట్‌వేర్ సారు చెవిన వేస్తే, పాత ఆయుధాలు తెలిసిన పెద్దమనిషి ఒకాయన్ని సిటీ నుంచి ఆదివారం తీసుకొస్తానన్నాడు.

నేర్చుకున్నదంతా నేను పెద్దబాపుకు చెప్పాను. పెద్దమ్మకు చెప్పలేదు. ఇంటికి సిటీవాళ్ళు వస్తున్నారంటే ఆమె ఊరుకుంటుందా? దసరాకు బిందెలను తోమినట్టే తుపాకిని చింతపండు, ఇటుకపొడి పెట్టి తోమింది. నేను వెళ్ళేసరికి అది వాకిట్లో మంచం మీద పెళ్ళికొడుకులా ఎండకు మెరుస్తోంది.

"గిదేంది పెద్దమ్మా!" అన్నాను.

"మరి? మసితోని సూపెట్టి ఇజ్జత్ తీసుకుందుమా?"

సారుతో వచ్చిన పెద్దమనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి, మొహమాటంగా, ఇది కొత్తదిలా ఉంది, ఇలాంటివి టూరిస్టులకు అమ్ముతుంటారు అన్నాడు. సంగతి తెలిసి తమాషా చూడటానికొచ్చిన బావ గోడకానుకుని మీసం దువ్వాడు. పెద్దబాపు తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

నాకు పుస్తకంలోని మాట గుర్తొచ్చింది. ముందు గొట్టంలోకి పుల్ల దింపి, ఎంత లోతు పోతుందో బయట కొలిచి చూడాలి. దింపాను. అడుగుదాకా పోకుండా జానెడు ముందే ఆగిపోయింది.

"సార్, ఇందుల మందు ఉన్నది. నింపిన తుపాకి ఇది."

అందరికంటే ముందు పరుగెత్తింది మా బావ. బర్రెల కొట్టం వెనక నుంచి అతని తల మాత్రమే కనిపించింది. పెద్దబాపు కదల్లేదు. చాలా రోజుల తర్వాత ఆయన ముఖంలో నవ్వు చూశాను. "ఏమయ్యా అల్లుడా, భాగోతం కట్టెకు గంత ఉరుకుడా?"

టోపీ పెట్టకుండా ఆ తుపాకి పేలడం కష్టమని నేనూ చదివాను. ఆ సంగతి నాకు గోడ దూకి అవతల పడ్డాకే గుర్తొచ్చింది.

గొట్టంలో నీళ్ళు పోసి నాననిచ్చాం. ఆలోపు పెద్దమనిషి మరలు విప్పి, తుపాకి పక్కకు బిగించిన ఇనుప పలకను ఊడదీశాడు. పెద్దమ్మ చింతపండు అక్కడిదాకా పోలేదు. లోపల గట్టిపడిన నల్లటి తుప్పు, ప్రతి మర మీదా, దాని చోటు పక్కనా ఒకేలాంటి ఆకురాయి గీతలు. చేత్తో చేసినవాడు ఏ మర ఎక్కడిదో గుర్తుకు పెట్టుకున్న గీతలవి. "అసలుదే. నూరేళ్ళ పైమాటే," అన్నాడాయన. పెద్దబాపు తలపాగా మళ్ళీ చుట్టుకున్నాడు.

తర్వాత వంకర తీగతో గొట్టంలోది లాగారు. ముద్దకట్టిన మందు, దాన్ని బిగించిన గుడ్డపేలిక. గుండు లేదు. గుండు లేకుండా నింపేది చప్పుడు కోసమే, పందుల్నీ పిట్టల్నీ బెదిరించడానికి అని పెద్దమనిషి చెప్పాడు. కొట్టం వెనక నుంచి తిరిగొచ్చిన బావ నోరు తెరిచాడు కానీ, పెద్దమ్మ ఆ పేలికను కడిగి ఎండకు పట్టుకుంది. ఎర్ర అంచు, దానిమీద నల్ల చుక్కలు.

"ఇది మా అత్త చీరె కొంగు," అంది. "గా అంచు చీరెనే కట్టేది. నాకు ఎరుకలేదా?"

పెద్దబాపు పేలికను చాలాసేపు వేళ్ళతో తడిమాడు. "అంటే మా బాపు పులిని కొట్టలే. చెలకను కాసిండు," అన్నాడు నెమ్మదిగా. చెలక వైపు చూశాడు. అక్కడ అప్పటికే ప్రహరీ లేస్తోంది. "సార్, చెలక మీరు తీసుకున్నరు. దాని కావలిది నా దూలానికెందుకు? తీస్కపోర్రి. పైసలొద్దు."

ఆ సారు దాన్ని పేలకుండా చేయించి, కాగితాలు సరిచేయించి తీసుకెళ్ళాడు. పేలికను మాత్రం పెద్దమ్మ ఇవ్వలేదు. దసరాకు తుపాకి బదులు దాన్నే పీట మీద పెట్టి పసుపు అద్దేది.

విందు నుంచి బయటికొచ్చాక లాన్‌లో కాసేపు నిలబడ్డాను. ఆ హాలున్నది పెద్దబాపు చెలకలోనే. ఫలకం మీద పులి రాయించింది ఎవరో నాకు తెలియదు. పెద్దబాపే చెప్పి ఉంటాడని నా అనుమానం. చెరపమని చెప్పాలనిపించలేదు. పులి కథకు గోడ దొరికింది, జొన్నచేనుకు దొరకలేదు. ఏది మిగలాలో కాలం మనల్ని అడిగి తేల్చదు.