కొడుకు మంచం

ములకలపల్లి చుట్టుపక్కల అడవి అంచు ఊళ్ళలో కొడుకు మంచం అంటే తెలియనివాళ్ళు తక్కువ. తల వైపు లేపుకోవచ్చు, దించుకోవచ్చు, కింద తీగ జాలీ వదులైతే బిగించుకోవచ్చు. మంచాన పడ్డ పెద్దవాళ్ళకు కొడుకులు చేయించి పెట్టే మంచం కాబట్టి ఆ పేరట. ఆ మంచం గీసింది నేను. నేను కొడుకుని కాదు, కోడల్ని. ఇంత చిన్న సంగతి జనం బుర్రల్లోకి ఎందుకు ఎక్కలేదో తలుచుకుంటే అప్పట్లో నాకు ఒళ్ళు మండేది.

మా పుట్టిల్లు వైరా. ఖమ్మంలో ఐటీఐ చదివాను, డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు. క్లాసులో నా డ్రాయింగే గోడకు అంటించేవాళ్ళు. పెళ్ళయి ఇటు వచ్చాక ఆ చదువు ట్రంకు పెట్టెలోకి పోయింది. మా ఆయనకు రోడ్డు పక్కన వెల్డింగ్ షాపు, షాపు వెనకే ఇల్లు. గేట్లు, కిటికీలు, ట్రాక్టరు ట్రాలీల రిపేర్లు వచ్చేవి. ఆయన పదో తరగతి తప్పి, పాల్వంచలో ఒకరి దగ్గర పని నేర్చుకున్న మనిషి. వెల్డింగ్ మాత్రం అతుకు ఎక్కడుందో వెతుక్కోవాలి, అంత శుభ్రంగా చేస్తాడు. ఇది ఒప్పుకోవడానికి ఇప్పుడు నాకేం ఇబ్బంది లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక ఎండాకాలం మా అత్త తునికాకు కోయబోయి వాగు గట్టు మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఖమ్మం దవాఖానాలో ఆపరేషన్ చేసి ఇంటికి పంపుతూ, తల వైపు ఎత్తు పెట్టి కూర్చోబెడుతుండాలి, నడుము మాత్రం గుంటలో పడకూడదు అని మరీ మరీ చెప్పారు. ఇంట్లో ఉన్నదేమో నులక మంచం. మధ్యలో ఉయ్యాలలా దిగి ఉండేది. వెనక ఎన్ని దిండ్లు పేర్చినా అత్త మెల్లగా జారి ఆ గుంటలోకి వచ్చేది. నొప్పి పుట్టినప్పుడల్లా "ఓ కొడుకా" అని కేక పెట్టేది. పరిగెత్తుకొచ్చి చంకల కింద చేతులేసి పైకి జరిపేది నేను, పిలుపు మాత్రం కొడుక్కి. నా కుళ్ళు అక్కడే మొదలైందేమో.

మా ఆయన కొత్తగూడెంలో పాత సామాన్ల కొట్టు నుంచి ఒక తీగ జాలీ పట్టుకొచ్చాడు. ఏదో దవాఖానా మంచానిది. సన్నటి ఇనుప తీగలు ఒకదాంట్లో ఒకటి మెలేసి అల్లినది, చేత్తో నొక్కితే లోపలికి పోయి మళ్ళీ పైకి లేస్తుంది. కింది ఫ్రేము లేదు, ఎప్పుడో తుప్పు పట్టి పోయిందట. "ఫ్రేము నేను చేస్తా, తల కాడ మడత బందులు పెడితే లేస్తది, అయిపాయె" అన్నాడు. ఆయనకు అన్నీ అయిపాయెలే.

నేను సుద్దముక్క తీసుకుని షాపులో బండల మీద గీసి చూశాను. రెండు ముక్కల ఫ్రేము, నడుం దగ్గర బందు. దాని పైన ఈ కొస నుంచి ఆ కొసకు ఒకటే జాలీ. పడుకోబెట్టినప్పుడు బిగుతుగానే ఉంటుంది. తల వైపు లేపేసరికి మడత లోపలి పక్క పొడవు తగ్గిపోయి, జాలీ మిగిలిపోతుంది. ఆ మిగిలిందంతా సరిగ్గా నడుం కింద వదులై దిగుతుంది. అంటే మళ్ళీ గుంటే.

"జాలీని నడిమికి కోసి రెండు ముక్కలు చేద్దాం, మధ్యల ఒక కడ్డీ ఏసి కడదాం" అన్నాడు ఆయన.

"ఆ కడ్డీ ఏడికొస్తది? విరిగిన తుంటి కిందికొస్తది. మీ అమ్మను ఇనుప కడ్డీ మీద కూసోబెడతవా?" అన్నాను.

దాని మీద బాగానే పోట్లాడుకున్నాం. ఆయన అలిగి గేటు పని పెట్టుకున్నాడు. నేను పొద్దున లేచి నులక మంచం బిగిస్తుంటే, అంటే కాళ్ళ వైపు తాడు లాగి కడుతుంటే, జాలీకి కూడా కావలసింది ఈ తాడే కదా అనిపించింది. జాలీ కొసను తగిలించే కాళ్ళ వైపు పట్టీని ఫ్రేముకు అతికించకూడదు. దాన్ని విడిగా ఉంచి, రెండు పక్కలా పైపుల్లో ముందుకూ వెనక్కూ జరిగేలా పెట్టాలి. బయటి నుంచి స్ప్రింగులు దాన్ని లాగి పట్టుకోవాలి. తల లేపితే మిగిలిన జాలీని స్ప్రింగులు గుంజుకుంటాయి, దించితే మళ్ళీ వదులుతాయి. నాలుగు నెలలకు జాలీ సాగిందనుకో, స్ప్రింగు వెనక బోల్టు ఉంటుంది, పానా పెట్టి తిప్పుకోవడమే. తల వైపు లేపడానికి షాపులో పడి ఉన్న జీపు జాకీ చాలు. నేను గీసింది మా ఆయన వంగి జానతో కొలిచి చూశాడు. తర్వాత "స్ప్రింగులు ఎంత లావువి?" అన్నాడు. ఆయన ఒప్పుకోవడం అలాగే ఉంటుంది.

కరెంటు ఉన్నప్పుడల్లా కూర్చుని చేశాడు. మొదట పెట్టిన స్ప్రింగులు మెత్తబడిపోయాయి, మార్చాం. అత్తను మంచం మీద పడుకోబెట్టి జాకీ తిప్పితే ఆమె తల పైకి లేచింది, నడుం ఉన్నచోటే ఉంది. అత్త తన కింద తానే చెయ్యి పెట్టి తడిమి చూసుకుని, "గుంట లేదే!" అంది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. అప్పుడు ఆమె కొడుకు వైపు చూసి, "నీ కడుపు సల్లగుండ, ఎంత పని చేసినవ్ కొడుకా" అంది. మా ఆయన నవ్వి చేతులు తుడుచుకున్నాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక మా చర్చివాళ్ళంతా చూడవచ్చారు. వచ్చిన ప్రతివాళ్ళూ ఒకసారి జాకీ తిప్పాల్సిందే, అత్త పైకి లేవాల్సిందే. ఆమె విసుక్కోలేదు. "నా కొడుకు చేసిండు" అని వచ్చినవాళ్ళందరికీ కొత్తగా చెప్పేది. "కొడుకంటే గిట్ల ఉండాలె" అని వాళ్ళు. పాస్టరు గారు మంచం మీద చెయ్యి పెట్టి, తల్లికి ఇంతటి పడక అమర్చిన కుమారుణ్ణి దీవించమని గట్టిగా ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేదు. నీళ్ళు తెచ్చే వంకతో వంటింట్లోకి వెళ్ళి గ్లాసులు టకటకా పెట్టాను.

పోనీ మా అమ్మైనా నా పని అంటుందేమో అనుకున్నాను. వైరా నుంచి వచ్చి, మంచం చుట్టూ తిరిగి చూసి, "నీ అదృష్టమే అదృష్టం, అల్లుడు బంగారం" అంది. అది నేను గీశానే అన్నాను. "ఆ, చెప్పావులే" అంది. నేనేదో మొగుడి మీద సరదాగా పోటీకి వస్తున్నాననుకుంది.

తర్వాత అడిగేవాళ్ళు మొదలయ్యారు. "అన్నా, మా నాయనకు పక్షవాతమొచ్చింది, కొడుకు మంచం ఒకటి కావాలె." ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, విన్న మొదటిసారి చేతిలో సుద్దముక్క విసిరికొట్టాను. ప్రతి మంచానికీ మనిషి పొడుగూ బరువూ అడిగి స్ప్రింగు లెక్క చూసేది నేను, నడుం దగ్గర బందు ఎక్కడ రావాలో గీసేది నేను. బయట కుర్చీ వేసుకుని టీ తాగుతూ "నీలాంటి కొడుకు అందరికీ పుట్టాలె" అనిపించుకునేది ఆయన.

ఆయన చెప్పలేదా అంటే, చెప్పాడు. ఒకసారి నా ముందే "మా ఇంటామె గీసింది, నేను అతికిన అంతే" అన్నాడు. వచ్చినవాళ్ళు పగలబడి నవ్వారు. "వదిన గీస్తే ముగ్గు గీయాలె గానీ మంచం గీసుడేంది అన్నా!" అన్నారు. అంతటితో ఊరుకోకుండా, పెండ్లాం పేరు కూడా చెప్తున్నాడంటే ఎంత మంచోడో అని ఊరంతా చెప్పుకున్నారు. నా పేరు చెప్పినందుకు కూడా ఆయనకే మెప్పు! ఆ రోజు అన్నం పెడుతూ కంచం కొంచెం గట్టిగానే పెట్టాను. "నేనేం చేసిన్నే?" అన్నాడు పాపం. ఏం చెయ్యలేదు. అదే నా బాధ.

నాకు కావలసింది ఊరి మెప్పు కాదని మెల్లగా తెలిసింది. ఒక్క మనిషి అంటే చాలు. ఆ మంచం మీద పడుకునే మనిషి, నా చేతి మీద ఒంటికీ రెంటికీ పోయే మనిషి, ఒక్కసారి నలుగురి ముందు "నా కోడలు చేసింది" అనాలి. దాని కోసం చూశాను. తల దువ్వుతూ చూశాను, బోల్టు బిగిస్తూ చూశాను. ఆమెకు తెలియదేమో, ముసలిది, డ్రాయింగు అంటే ఏం తెలుస్తుంది అని సర్దిచెప్పుకునేదాన్ని.

వానలు పడ్డాక లోపలి అడవి ఊరి నుంచి ఒకామె వచ్చింది. నా వయసే ఉంటుంది. మా ఆయన షాపులో లేడు. గుమ్మం దగ్గరే నిలబడి, "మా అమ్మ మంచంల ఉన్నది. ఆమెకు కొడుకుల్లేరు, నేనే ఉన్న. ఆడపిల్లలే ఉన్నోళ్ళకు చేస్తరా ఆ మంచం?" అని అడిగింది. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది.

ఇంతకంటే మంచి సమయం రాదనిపించింది. అత్త గది షాపులోకే తెరుచుకుని ఉంటుంది, ఆమె వింటూనే ఉంది. "అత్తా, చెప్పు, ఈ మంచం ఎవలు చేసిన్రో ఈమెకు చెప్పు" అన్నాను. అత్త నా వైపు చూసింది. ఆ చూపులో ఏ తడబాటూ లేదు. వచ్చినామె వైపు తిరిగి, "నా కొడుకు చేసిండు బిడ్డా. మీ అమ్మకు కూడా చేస్తడు" అంది.

నేను ఆ వచ్చినామె దగ్గర వాళ్ళమ్మ కొలతలు అడిగి తెలుసుకుని, టీ ఇచ్చి పంపించాను. పంపించి గదిలోకి వెళ్ళాను.

"నీకు నిజంగ తెల్వదా అత్తా?"

"తెల్వకేంది. బండల మీద నువ్వు గీసుడు, తుడుసుడు, మళ్ళ గీసుడు, అన్నీ చూసిన. ఈడ పండుకొని చూసుడు తప్ప నాకింకేం పని ఉండె?"

"మరి తెలిసి గట్లెందుకు చెప్తవ్?"

"వాడు పది తప్పిననాడు మీ మామ వాణ్ణి బజార్ల నిలబెట్టి కొట్టిండు. మా పెద్దోడు బొగ్గుబాయిల నౌకరి తెచ్చుకున్నంక సిన్నోని ముచ్చట ఎత్తినోడు లేడు. నీ పెండ్లిల కూడా, పిల్ల సదువుకున్నది, పిలగాడే పది తప్పినోడు అన్నరు, నేను ఇన్న. ఇప్పుడు మంది వాణ్ణి అన్నా అని పిలుస్తున్రు. వాడు తలెత్తుకొని నడుస్తుండు. నా నోటితోని అది గుంజుకోవాల్నా?"

"నాది గుంజుకుంటే పర్వాలేదా?"

"నువ్వు తట్టుకుంటవ్ బిడ్డా" అంది, నా చెయ్యి పట్టుకుని. ప్రేమగానే అంది. తర్వాత, "జర తల లేపు, ఆయాసమొస్తుంది" అంది.

వంగి జాకీ తిప్పాను. ఆమె మెల్లగా లేచి కూర్చుంది, నడుం దగ్గర జాలీ వేలెడు కూడా దిగలేదు. నేను ఇంకోవైపు తిరిగి ఏడ్చాను.

మంచం పేరు మీద ఉన్న కుళ్ళు ఆ రోజుతో తగ్గిపోయింది. ఆ తర్వాత ఎవరు కొడుకు మంచం అన్నా కొలతలు అడిగి గీసిచ్చాను. కానీ మా ఆయన్ని చూసి వేరే కుళ్ళు పుట్టింది, అది ఇప్పటికీ పోలేదు. ఆయన కోసం ఊరందరి ముందూ, దేవుడి ముందూ అబద్ధం ఆడే మనిషి ఒకరు ఉండేవారు. నాకున్న వాళ్ళందరూ నేను తట్టుకుంటానని నమ్మినవాళ్ళే.