జీపు పైన సైకిళ్లు

ఇంటర్ చదివే రోజుల్లో మేమంతా ఊళ్ల నుంచి సైకిళ్ల మీద బిజినేపల్లికి వచ్చి, అక్కడ నాగర్‌కర్నూల్ బస్సెక్కేవాళ్లం. ఒకరోజు బస్టాండులో పెట్టిన మా స్నేహితురాలి కొత్త సైకిలు పోయింది. వాళ్ల నాయన చదువు మాన్పించాడు.

ఆ సంగతి విని, బస్టాండుకు ఎదురింటి జీపు డ్రైవరు మా సైకిళ్లన్నీ తన షెడ్డులో పెట్టుకుంటానన్నాడు. కింద జీపుకే చోటు సరిపోయేది. అందుకని పైన దూలాలకు ఇనుప కొక్కేలు బిగించాడు. రోజూ పొద్దున జీపు బానెట్ మీద నిలబడి, మేం అందించిన సైకిలును పైకి లాగి తగిలించేవాడు. టైరు ఒత్తి చూసి, "నీ బండి పైలం బిడ్డా, పో" అనేవాడు. బండి భద్రమన్న ఆ మాట ప్రతి ఒక్కరికీ విడిగా చెప్పాల్సిందే.

ఒకనాడు ఆయన ఇంకో జత కొక్కేలు బిగిస్తున్నాడు.

"ఇవి ఎవరికి కాకా?"

"ఇంటికాడ కూసున్న పిల్లకు."

ఆ సాయంత్రం గిరాకీ వదులుకుని, నన్ను తోడు తీసుకుని ఆ స్నేహితురాలి ఊరికి వచ్చాడు.

"మల్ల పోతె ఏం జెయ్యాలె అన్నా?" అన్నాడు ఆ పిల్ల నాయన.

"నా షెడ్డుల కెల్లి పోతె నా జీపు నువ్వు తోలుకపో తమ్మీ."

కాకా ఇంటికి తిండిపెట్టేది ఆ జీపొక్కటే.

సోమవారం పొద్దున ఆ నాయన తన పాత సైకిలు మీద బిడ్డను ఎక్కించుకుని వచ్చాడు. తన చేతులతోనే సైకిలును పైకి అందించాడు. సాయంత్రం తొక్కుకుని రమ్మని బిడ్డకు చెప్పి, ఊరికి నడిచిపోయాడు.