రాజవ్వ కావలి కాసిన రాశి

యూరియా వాసన ముక్కుకు ఘాటుగా తగిలింది. దంతాలపల్లిలో గోదాము ముందు మనుషులు నీడకు చేరారు. వాళ్ల వంతు కాపాడుతూ చెప్పులు మాత్రం ఎండలో బారులు తీరాయి. బస్తాలు అయిపోయాయని, ఎక్కడో యుద్ధం వల్ల ఓడలు రావడం లేదని లోపలినుంచి కబురొచ్చింది. నా పక్కన కూర్చున్న పడుచువాడు ఫోను చూస్తూ, "ఆల్లాల్లు కొట్టుకుంటే మనకేంది తాతా? మనం ఏ దిక్కూ లేం," అన్నాడు. ఎరువు లేక అతని వరి ఎర్రబారుతోంది, అయినా ఆ మాటే అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ మాట విని ఊరుకోవద్దని నాకు నేర్పిన మనిషి రాజవ్వ.

ఆమె మా పక్కింటి మనిషి. నేను బడి ముఖం చూడలేదు. కిరాణా పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. అది తెలిసిన నాటి నుంచి రాజవ్వ నన్ను వదల్లేదు. సాయంత్రం జొన్నరొట్టె పెట్టి, జనగామ బస్సులో వచ్చిన పేపరు చదివించుకునేది. సినిమాలు, ధరలు వద్దనేది. ఏ దేశంలో ఎవడు గద్దెనెక్కాడో అదే కావాలి. అప్పటికి నాకు ఇరవై దాటాయి. పక్క దేశంలో ఒక సైన్యాధికారి దిగి, ఇంకో సైన్యాధికారి ఎక్కి, చట్టాలన్నీ పక్కన పెట్టాడని ఒకరోజు చదివాను. అది వాళ్లింటి గొడవ అంటూ పేజీ తిప్పబోతే ఆమె పేపరు మీద చెయ్యి పెట్టింది.

"ఆగు. ఆన్ని కాదనెటోడు ఆడ ఎవడన్న మిగిలిండా?"

"ఉంటే జైల్ల ఉంటడు అవ్వా."

"అయితే లొల్లి ఆడ్నే ఆగది. మనింటికొస్తది."

అక్కడి లొల్లి దంతాలపల్లికి ఎట్లా వస్తుందని నవ్వాను. ఆమె నవ్వలేదు. పెనం దించి పక్కన పెట్టి, తన సంగతి చెప్పింది.

జర్మనీలో ఒకడు ఎదురులేనివాడై దేశాల మీద పడ్డ రోజులవి. ఇక్కడ నవాబు పాలన. ఆయననూ కాదనేవాడు లేడు. తెల్లదొరల వైపు యుద్ధంలో చేరుతూ ఆయన జనాన్ని అడగలేదు. ఊళ్లో ఎవరికీ జర్మనీ ఎటువైపు ఉందో కూడా తెలియదు. అయినా యుద్ధం పేరు చెప్పి, పండినదాంట్లో సర్కారుకు కొలిచివ్వాలని లెవీ ధాన్యం పెట్టారు. కళ్లంలో రాశి పోయగానే సర్కారు మనిషి వచ్చి చుట్టూ తడిమట్టి అద్ది, దాని మీద చెక్కముద్ర కొట్టేవాడు. అధికారి వచ్చి కొలుచుకునేదాకా గింజ ముట్టరాదు. ముద్ర చెదిరితే ఇంటి మగవాళ్లను చావడికి ఈడ్చేవారు. ఆ ఏడు అధికారి ఎంతకూ రాలేదు. ఇంట్లో గింజలు నిండుకున్నాయి. రాజవ్వ చంకలో ఏడాది నిండని ఆడపిల్ల. తల్లికి తిండి లేక పాలు ఎండిపోయాయి, గంజి కాచి పోద్దామన్నా పిడికెడు బియ్యం లేవు. ఆ యుద్ధం గొడవ మనది కాదు, ముద్ర జోలికి పోకు, కావలి మాత్రం కాయమని మామ బతిమాలాడు. ఆమె మామ మాట విన్నది.

"పిట్టలు వాల్తె కట్టెతోని కొట్టిన కొడకా," అన్నది రాజవ్వ. "నా పిల్ల చంకల ఏడుస్తుంటె, ఆడెవనికో పోయే గింజలకు నేను కావలి కాసిన. ముద్ర మంచిగనే ఉండె. పిల్లనే లేకపాయె."

నేనిక రొట్టె ముట్టలేకపోయాను.

మూడేళ్లు తిరగకముందే పక్క దేశపు సైన్యాధికారి తన జనం మీదికే తుపాకులు తిప్పాడు. లక్షలమంది ప్రాణాలు అరచేత పట్టుకుని సరిహద్దు దాటి మన దగ్గరికొచ్చారు. ఏ కూటమిలోనూ లేమని చెప్పుకున్న మన దేశం చివరికి యుద్ధంలో దిగింది. మిరపకాయలు అమ్ముకోవడానికి మేమిద్దరం మహబూబాబాదు వెళ్లిన రోజున సైనికుల రైలు స్టేషన్లో ఆగింది. జనం చప్పట్లు కొట్టారు. రాజవ్వ కొట్టలేదు. కొంగులోని జామకాయలు కిటికీలోంచి ఒకడికి అందించింది. వాడికి మీసం కూడా సరిగా రాలేదు. రైలు కదిలాక నా వైపు తిరిగింది.

"ఆడు గద్దెనెక్కిననాడు అందరం నోర్మూసుకున్నం. గిప్పుడు ఈ పిలగాడు పోతుండు."

రాజవ్వ పోయి చాలా ఏళ్లయింది. పేపరు తెరిస్తే, చచ్చేదాకా తానే ఏలుతానని చట్టం రాయించుకున్నవాడొకడు, ఓడినా దిగనివాడొకడు. వాళ్లను చూసి మనవాళ్లు ముచ్చటపడుతున్నారు. భూపాలపల్లిలో మా అల్లుడింటికి వచ్చిన ఒక లెక్చరరు, దేశానికి గట్టోడు ఒక్కడు చాలు, ఈ మీటింగులు, ఓట్లు ఎందుకన్నాడు. అంత చదివి నేర్చుకున్నది అదేనా? చాయ్ గ్లాసు అక్కడే పెట్టి లేచి వచ్చేశాను.

పోయిన నెల మా చెరువు కింది రైతుల మీటింగు జరిగింది. తూము ఎప్పుడు తెరవాలో, నీళ్లు ఎవరికి ముందో ఇకనుంచి సంఘం అధ్యక్షుడు ఒక్కడే చూసుకుంటాడని, ప్రతిసారీ అందరినీ పిలవడం దండగని తీర్మానం చదివారు. ఆయన మంచివాడే, నాకు చుట్టం కూడా. ఎవరైనా కాదంటారా అని అడిగేసరికే జనం లేచి చాయ్ వైపు నడుస్తున్నారు. నేను చెయ్యెత్తాను. ఈ ముసలాయనకు ఎప్పుడూ లొల్లేనని ఎవరో అంటే అందరూ నవ్వారు. మా చుట్టం దగ్గరికొచ్చి, "ఇజ్జత్ తియ్యకు మామా, చెయ్యి దించు," అన్నాడు.

"ఒకడు కాదన్నడని తీర్మానం కింద రాయి. అటెనుక దించుత."

భుజం నొప్పి పుట్టింది. రాసేదాకా దించలేదు.