మూడో పిన్ను

అమ్మ వాళ్ళక్క, మా పెద్దమ్మ, ఎవరింటికెళ్ళినా మంచినీళ్ళు కూడా తాగకముందే వంటింట్లోకెళ్ళి ప్లగ్గులు పీకి చూసేది. "మూడో పిన్ను ఏదే?" అని ఆ ఇంటావిడని నిలదీసేది.

నూజివీడు దగ్గర మా తోటలో మామిడి కోత మొదలెట్టే రోజున కోతవాళ్ళకి గారెలు పెట్టడం మా ఇంటి అలవాటు. ఆ యేడు పప్పు నాని సిద్ధంగా ఉంది. పెద్దమ్మేమో గ్రైండర్ ప్లగ్గు చేత్తో పట్టుకుని కూర్చుంది. బోర్డులో దూరడం లేదని దాని లావుపాటి మూడో పిన్నుని, అదే ఎర్త్ పిన్నుని, నాన్నే కోసేశారు.

"కొంచెం జిల్లుమంటుంది, అంతే కదా వదినగారూ! చెప్పులేసుకుని రుబ్బితే సరి."

"మా తోడికోడలు కూడా జిల్లుమంటోందనే అంది మరిదిగారూ. ఆ తర్వాత ఇంకో మాట అనలేదు. షాకు మట్టిలోకి దిగిపోయేలా ఎర్త్ వేయించేదాకా ఈ గ్రైండర్ తిరగదు."

నాన్న విసుక్కుంటూనే బండి తీసి ఎలక్ట్రీషియన్ కోసం ఊళ్ళోకి వెళ్ళారు. ఈలోగా ఆవిడ పప్పంతా రోట్లో రుబ్బేసింది. అరచేతులు బొబ్బలెక్కాయి గానీ పట్టు మాత్రం వదల్లేదు. సాయంత్రానికి ప్లగ్గూ బోర్డూ మార్చి, పెరట్లో గొయ్యి తీసి, పైపు దింపి, ఉప్పూ బొగ్గూ నింపి ఎర్త్ వేశారు. మొదటి బిందె నీళ్ళు ఆవిడే పోసింది.

"మట్టి ఎండిపోతే ఇది పనిచెయ్యదు. చెట్ల సంగతి తర్వాత, ముందు దీనికి పొయ్యండి."

ఇప్పటికీ ఎండాకాలం బోరు సన్నగా పోస్తున్నా, నాన్న మొదటి బిందె అక్కడే పోస్తారు. మొన్న కాయలు బేరమాడ్డానికొచ్చిన వ్యాపారి చూసి నవ్వాడు.

"మొక్కే లేని చోట నీళ్ళెందుకండీ?"

"మానేస్తే మా వదినగారు ఊరుకోరండీ," అన్నారు నాన్న.

పెద్దమ్మ పోయి చాలా ఏళ్ళయింది.