సుగుణ టీచర్ గేటు ముందు ఫుట్‌పాత్

2022లో, వానలు మొదలయ్యే రోజుల్లో, ప్రొద్దుటూరులో ఒక ఇళ్ల వీధికి కొత్త కాలువ, దాని మీద ఫుట్‌పాత్ వేసే పని మా కాంట్రాక్టరుకు దొరికింది. నేను ఆయన దగ్గర సైట్ సూపర్‌వైజర్‌ని. సొంతూరు పెద్దముడియం దగ్గర. సివిల్ డిప్లొమా చదివి, అప్పటికే చాలా ఏళ్లుగా రోడ్ల పక్కన దుమ్ము తింటూ బతుకుతున్నాను. ఒకచోట కుదురుగా కూర్చునే గుణం నాకు లేదు. టీ గ్లాసు చేతికిస్తే సగం తాగి ఎవరి గోడ మీదో పెట్టి మరిచిపోతాను. ఆ వీధిలో పని నడిచినన్నాళ్లూ ఆ సగం టీ కూడా గొంతు దిగలేదు.

ఫుట్‌పాత్ పని చూసేవాళ్లకు చిన్నదిగా కనిపిస్తుంది. రోడ్డు వేస్తుంటే ఇళ్లవాళ్లు పెద్దగా పట్టించుకోరు. ఫుట్‌పాత్ అనేసరికి ఇంటికొకరు వచ్చి నా నెత్తిన కూర్చుంటారు. మెట్లు పోతాయా, బైకు ఎట్లా ఎక్కించాలి, కుళాయి పైపు తెగుతుందా, వాకిట్లో వేపచెట్టు ఉంచుతారా లేదా అని. వాళ్ల తప్పేమీ లేదు. అది వాళ్ల వాకిలి ముందు జరిగే పని. రేపు మేం సామాను సర్దుకుని పోతాం, వాళ్లు రోజూ దాన్ని దాటాలి.

పైగా మా వైపు ఒక పట్టింపు ఉంది. ఎదురింటి వాకిలి కంటే మన వాకిలి పల్లంగా ఉండకూడదు. వాన నీళ్లు లోపలికి వస్తాయన్న భయంతో మొదలైందేమో గానీ, ఇప్పుడది పరువు సమస్య. కాలువ తవ్వకం మొదలైతే చాలు, మేం ఎంత ఎత్తులో వేస్తామో కనుక్కుని, దానికి పైన ఒక వరుస బండలు పేర్చుకుంటారు. అది చూసి పక్కింటివాళ్లు ఇంకో వరుస. ఈ వీధిలో మొదలుపెట్టింది ఓబుళరెడ్డి. వల్లూరు దగ్గర పొలాలున్న మనిషి. వీధిలో ఆయన మాటకు ఎదురు లేదు. ట్రాక్టరు నిండా కడప బండలు తెప్పించి, పాత మెట్లు పీకించి, నిటారుగా కొత్త మెట్లు కట్టించాడు. కొద్ది రోజుల్లోనే వీధంతా బండలు కోసే మిషన్ల మోత.

"ఎంత ఎత్తు లేపుతావు మామా, ఇంటికి నిచ్చెన ఏస్తావా ఏంది?" అన్నాను ఒకరోజు.

"మీ రోడ్డోళ్లను నమ్మేదానికి ల్యాప్పా," అన్నాడు ఓబుళరెడ్డి. "ఈ పొద్దు ఇంతే అంటారు, రేపొచ్చి దాని మీద ఇంగో పొర ఏస్తారు. మా నాయన కట్టినప్పుడు ఈ ఇల్లు ఎంత ఎత్తులో ఉండె! ఇప్పుడు సూడు, గుంతలో ఉన్నట్టుండాది."

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. పాత రోడ్డును గీకకుండా పొర మీద పొర వేసుకుంటూ పోతే రోడ్డు లేస్తుంది, ఇళ్లు కుంగినట్టవుతాయి. ఆ రోడ్డునుంచే మేం ఫుట్‌పాత్ ఎత్తు లెక్క కడతాం. అందుకే నేను నవ్వి ఊరుకున్నాను.

వాకిలి లేపనిది ఒకే ఇల్లు, సుగుణ టీచర్‌ది. ఆమె మైలవరం వైపు ఒక పల్లె బడిలో లెక్కలు చెబుతుంది. అమ్మ, తాత కూడా క్రైస్తవ మిషన్ బళ్లలో చదువు చెప్పినవాళ్లే. చిన్నతనంలో పోలియో వచ్చి ఆమె కాళ్లు రెండూ చచ్చుబడ్డాయి. ఇంట్లో చంక కర్రలతో తిరుగుతుంది, బయట అటూ ఇటూ చక్రాలు బిగించిన స్కూటీ. ఒక్కతే ఉంటుంది. ఇల్లు కట్టుకునేటప్పుడే పట్టుబట్టి నేలను వీధి మట్టానికి పెట్టించుకుంది. పల్లంలో ఇల్లేందని చుట్టాలంతా మొత్తుకున్నా వినలేదట. ఆమె ఇంటికి ఒక్క మెట్టు కూడా లేదు. గేటు తీస్తే బండి మీదే హాల్లోకి పోవచ్చు. పాత కాలువ మీద పరిచిన ఒక పెద్ద బండ ఆమె దారి.

ఫుట్‌పాత్ పై మట్టం ఎక్కడికి వస్తుందో తెలియడానికి మేం గోడల మీద ఎర్ర పెయింటుతో గీత గీస్తాం. ఆమె గేటు పక్కన ఆ గీత నా మోకాలి కింది దాకా వచ్చింది. బడి నుంచి వస్తూ దాన్ని చూసి, నా ముందు బండి ఆపింది.

"ఏమప్పా సూపర్‌వైజర్, ఈ గీత నా ఇంటికేనా?"

"అందరికీ ఒకటే మేడం."

"అందరి కాళ్లూ ఒకటేనా?"

నాకు చురుక్కుమంది. "ర్యాంపు ఏపిస్తాంలే మేడం," అన్నాను. ర్యాంపు అంటే మెట్లకు బదులు వాలుగా కట్టే దారి.

"యాడ ఏపిస్తావు? నా గేటుకూ మీ కాలవకూ మధ్య జానెడు జాగా ల్యా. ఇంత ఎత్తుకు ఆ కాస్తలో వాలు పెడితే బండి ఎనక్కి పడుతుంది. లోపలికేస్తే హాలు సగం పోతుంది. వానొస్తే మీ వీధి నీళ్లన్నీ ఆ వాలు మీదనే నా ఇంట్లోకి దిగుతాయి." ఆమె గొంతు పెంచలేదు. "నేనేం శానా అడగడంల్యాప్పా. నా ఇంట్లో నుంచి నేను బయటికి రావల్ల. ఎవురూ పట్టుకోకుండా రావల్ల."

ఆ మాట నన్ను వదల్లేదు. ఆ సాయంత్రమే ఆటో లెవెల్ మళ్లీ బిగించాను. మూడుకాళ్ల స్టాండు మీద పెట్టి, రెండు చోట్ల ఎత్తుల తేడా చూసే పరికరం అది. కాలువ అడుగు మట్టాన్ని ఇన్వర్ట్ లెవెల్ అంటాం. నీళ్లు చివరిదాకా పారాలంటే దాన్ని ముట్టుకోకూడదు. కానీ పక్క గోడలు తగ్గించి, పైనున్న ఫుట్‌పాత్‌ను దించడానికి వీలుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ పని చూసే ఇంజనీరు దగ్గరకు పరుగెత్తాను. ఆయన కోస్తా మనిషి, నెమ్మదస్తుడు. మా వైపువాళ్లు మామూలుగా మాట్లాడినా తనను తిడుతున్నారేమోనని భయపడేవాడు.

"దించొచ్చండి," అన్నాడు అంతా విని. "అయితే ఆవిడ గేటు దగ్గర ఒక్కచోటే దించితే గుంట అవుతుంది, వీధి నీళ్లన్నీ అక్కడే నిలబడతాయి. దించితే వరస మొత్తం దించాలి. అప్పుడు బండలేసి ఎత్తు చేసుకున్నవాళ్ల మెట్లు గాల్లో వేలాడతాయి కదండీ. వాళ్లు పడగొట్టుకోడానికి ఒప్పుకుంటే చెప్పండి, పైవాళ్లను నేను ఒప్పిస్తాను."

అంటే ఓబుళరెడ్డి ఒప్పుకోవాలి. ఆయన దగ్గర ఆ మాట ఎత్తితే, "కొత్త మెట్లు పగలగొట్టుకోవల్లనా? ఎవురన్నా ఇంటే నవ్వుతారు పో," అని పంపేశాడు. మిగతావాళ్లంతా "రెడ్డి చేస్తే చేస్తాం" అన్నారు. ఇక కాంట్రాక్టరు గంటగంటకూ ఫోను. "మోడం కమ్ముకొస్తాండాది, వాన పడకముందే కాంక్రీటు పోసేయప్పా, పోసేయ్." నేను ఆమె గేటు దాకా రాకుండా పనిని ఏదో ఒక సాకుతో ఆపుకుంటూ వచ్చాను. కంకర బాగాలేదన్నాను, ఇనప కమ్మీ తక్కువైందన్నాను. పొద్దున లేవగానే పెన్న వైపు ఆకాశం చూడటం, పగలంతా ఆ కాలువ వెంట పైకీ కిందికీ తిరగడం. కూలీలు నన్ను చూసి నవ్వుకునేవాళ్లు.

ఇంతలో జమ్మలమడుగులో మా ఇంకో పని దగ్గర పైపు పగిలిందని కాంట్రాక్టరు నన్ను అక్కడికి తరిమాడు. మర్నాడు పొద్దున వచ్చి చూద్దును కదా, సుగుణ టీచర్ గేటు ముందు ఫుట్‌పాత్ లేచి ఉంది. నేను లేని పూట కాంట్రాక్టరే నిలబడి పోయించాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఫోను చేసి అరిచాను. ఆయన నా కంటే పెద్దగా అరిచాడు.

గేటు లోపల స్కూటీ మీద ఆమె. బడికి పోయే వేళ. భుజాన సంచి, ముందర తగిలించిన చంక కర్రలు. ఎదురుగా ఆ కాంక్రీటు గట్టు. ఆమె నన్ను తిట్టినా బాగుండేది.

వీధి మంచిది, ఆ మాట చెప్పాలి. పిలవకుండానే మగవాళ్లు పరుగెత్తుకొచ్చారు, ముందు ఓబుళరెడ్డే. "టీచరమ్మా, నువ్వు దిగబాక, అట్లే కుచ్చో," అంటూ బండికి తలా ఒక చెయ్యి వేసి, ఆమెతో సహా ఎత్తి, గట్టు దాటించి రోడ్డు మీద పెట్టారు. ఊరేగింపులో పల్లకీ మోసినంత సంబరంగా ఉన్నారు. ఆమె మాత్రం హ్యాండిలు బిగించి పట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా కూర్చుంది. ఆ ముఖం చూడలేక నేను తల తిప్పుకున్నాను.

"సాయంత్రం గూడా వస్తాంలేమ్మా, నువ్వేం దిగులు పడబాక," అన్నాడు ఓబుళరెడ్డి.

"మీరు శానా మంచోళ్లు మామా," అంది ఆమె. "కానీ ఇంగ మీదట నేను బడికి పోవల్లంటే మీరు ఇంట్లో ఉండల్ల. మీరు వల్లూరుకు పోయిన్నాడు నేను సెలవు పెట్టల్ల. నాకు ఉద్యోగం వచ్చినప్పటి నుంచి ఎవురి చెయ్యీ పట్టుకోకుండా పోయినా. ఈ పొద్దు నుంచి అది పాయ."

బండి స్టార్టు చేసుకుని వెళ్లిపోయింది. ఓబుళరెడ్డి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

ఆ సాయంత్రం మళ్లీ ఆయన ఇంటికి పోయాను. ఆ మెట్లు ఎక్కుతుంటే నాకే ఆయాసం వచ్చింది.

"నువ్వేం అడుగుతావో నాకు తెలుసప్పా," అన్నాడు నన్ను చూడగానే. "పాపం అనిపించింది, కాదన్ల్యా. అయితే ఏంటికప్పా మెట్లు పగలగొట్టేది? రోజూ నేనే పోయి ఎత్తిపెడతా. నేను లేకుంటే మా జీతగాడు పోతాడు. సాలదా?"

నేను నోరు తెరిచేలోగా లోపలి నుంచి ముసలి గొంతు వినిపించింది. ఓబుళరెడ్డి తల్లి. మోకాళ్లు అరిగి గోడ పట్టుకుని నడిచే మనిషి. మేం పని మొదలుపెట్టిన కొత్తలో రోజూ సాయంత్రం వాకిట్లో కూర్చుని మా కూలీల మీద అజమాయిషీ చేసేది. ఆమె కొన్నాళ్లుగా వీధిలో కనిపించడం లేదని నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

"ఆ టీచరమ్మనన్నా నలుగురు ఎత్తిరి, ఓబుళా. నన్నెవురు దించుతారు?"

"ఏందిమా?" అన్నాడు ఆయన.

"నువ్వా బండలు ఏసినప్పటి నుంచి నేను బజారు సూల్యా. ఆ మెట్లు దిగేదానికి నా మోకాళ్లు రావు."

"నన్నడిగింటే దించుతుంటి గదమ్మా!"

"వాకిట్లో కుచ్చునేదానికి గూడా అడగల్లనా నాయనా? ఎన్ని తూర్లు అడుగుదు?"

ఓబుళరెడ్డి లోపలికి, తల్లి దగ్గరకు పోయాడు. నేను చెప్పులు వేసుకుని చప్పుడు చేయకుండా దిగి వచ్చేశాను. అక్కడ నాకు పని లేదు.

పొద్దున నేను సైటుకు చేరేసరికి ఓబుళరెడ్డి వాకిట్లో సమ్మెట మోగుతోంది. మనిషిని పెట్టకుండా తానే కొడుతున్నాడు. "ఏందప్పా సూస్తాండావు, నీ ఇంజనీరుకు ఫోను చెయ్," అని నా మీదే విసుక్కున్నాడు. రెడ్డి వాకిలి దిగిందని తెలిశాక ఎత్తులో పోటీపడ్డ వీధి దించడంలోనూ పోటీపడింది. చివరింటాయన ఒక్కడు మాత్రం ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఆయన తన వాకిట్లోంచి ఫుట్‌పాత్ మీదికి దూకుతుంటాడు. ఇంజనీరు మాట నిలబెట్టుకున్నాడు. కాంట్రాక్టరు నన్ను నోటికొచ్చినట్టు తిట్టి, పోసిన కాంక్రీటును నా చేతే పగలగొట్టించాడు. ఇంత సంతోషంగా తిట్లు తిన్నది నా జీవితంలో అదొక్కసారే. కొత్త ఫుట్‌పాత్ రోడ్డుకు కాస్త పైన నిలిచింది. సుగుణ టీచర్ గేటు ముందు బండి సులువుగా దిగేంత వెడల్పున సన్నటి వాలు పెట్టాం. మొదటి వానకు నీళ్లు లోపలికి పోలేదు. వానలో గొడుగు కూడా లేకుండా నిలబడి అది చూశాకే నేను ఇంటికి పోయాను.

ఇప్పుడు పులివెందులలో ఇలాంటి పనే చేస్తున్నాను. ఆటో లెవెల్ ఏది ఎంత ఎత్తో చెబుతుంది గానీ, ఆ ఎత్తు ఎవరిని ఇంట్లోనే ఆపేస్తుందో చెప్పదు. అది అడిగి తెలుసుకోవాలి. అందుకే గీత గీసే ముందు ఇంటింటికీ పోయి, "మీ ఇంట్లో మెట్టు దిగలేనోళ్లు ఎవురన్నా ఉండారా?" అని అడుగుతాను. వాకిట్లోకి వచ్చిన మనిషి చాలాసార్లు వెంటనే, "ఎవురూ ల్యారప్పా," అంటాడు. నేను పక్కింటికి కదలను. లోపలున్నవాళ్లకు కూడా వినపడేలా ఇంకోసారి అడిగి, కాసేపు అక్కడే నిలబడతాను.